బంగారు చెవికి పరీక్ష

"ఈ వైరు మా నాన్నకి అంటగట్టింది మీరేనా?"

కౌంటరు మీద ఠపీమని ఒక డబ్బా పడింది. మా షోరూములో అన్నిటికన్నా ఖరీదైన స్పీకరు కేబుల్ డబ్బా అది. తీరా తెరిచి చూస్తే ఖాళీ. కేబుల్ ఇంట్లోనే ఉందట, వాళ్ళ నాన్న తియ్యనివ్వడం లేదట.

డబ్బా తెచ్చినావిడ రెండు వీధుల అవతల ఆంప్లిఫయర్లు రిపేరు చేసే మెకానిక్. నేనేమో ఈ షోరూములో మూడేళ్ళుగా కేబుళ్ళు అమ్ముతున్నవాణ్ణి. వైరు మారితే కళ్ళు మూసుకుని కనిపెట్టేస్తానని మా ఓనరు నాకు 'బంగారు చెవి' అని పేరు పెట్టాడు. ఆ పేరు నాకూ బాగానే నచ్చింది.

అంటగట్టలేదనీ, ఆయనే విని నచ్చి కొనుక్కున్నారనీ చెప్పాను. ఆ కేబుల్ వల్ల డ్రమ్ముల లోతు చప్పుడు, అదే బేస్, బిగుస్తుందనీ, గొంతుకి వెచ్చదనం వస్తుందనీ వివరించబోయాను. రోజూ ఆంప్లిఫయర్ల పొట్టలు కోసే మనిషికి నేను పాఠం చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే.

"వెచ్చదనం అంటే ఎన్ని డిగ్రీలు?" అంది.

వైరు మరీ సన్నగా ఉన్నా, జాయింటు వదులైనా తేడా వస్తుంది గానీ, హాల్లో నాలుగు బారల దూరానికి మామూలు రాగి తీగ చాలని ఆమె వాదన. అసలు ఆమె కోపం నా మీద కూడా కాదు. పోస్టాఫీసులో ఉత్తరాలు సర్ది రిటైరైన వాళ్ళ నాన్న రోజుకి పది మాటలు మించి మాట్లాడడు. అలాంటి మనిషి ఈ కేబుల్ పెట్టాక, ఇన్నాళ్ళూ పక్క గదిలో పాడుతున్న గాయని హాల్లోకొచ్చి తన ఎదురుగా కూర్చుందన్నాడట. కూతురు ఎంత చెప్పినా ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదట.

తరవాత ఆమె ప్రతి వారం వచ్చేది. ఒకసారి మీటరు పట్టుకుని, ఒకసారి రెండు వైర్ల కొలతలు కాగితం మీద రాసుకుని. నన్ను 'చెవిగారూ' అని పిలిచేది. ఆమె మెట్లెక్కడం చూడగానే మా ఓనరు వెనక గదిలోకి జారుకునేవాడు. నేను మాత్రం తిట్లు తినడానికి తల దువ్వుకుని సిద్ధంగా కూర్చునేవాణ్ణి.

ఏడో వారం వాన పడుతోంది. ఆమె తడిసిన చేతులతో మీటరు తుడుచుకుంటుంటే నా నోరు నా మాట వినలేదు. మీరంటే నాకు ఇష్టం అని చెప్పేశాను.

ఆమె చేతిలో మీటరు జారి కౌంటరు మీద పడింది. దాన్ని తీసి పక్కన పెట్టింది.

"పొద్దస్తమానం అబద్ధాలు అమ్మే మనిషి ఇష్టాన్ని నేనెలా నమ్మను?"

"నేను అబద్ధం చెప్పనండి. విన్నదే చెబుతాను."

"అయితే ఆదివారం మా ఇంటికొచ్చి ఏది ఏ వైరో చూడకుండా చెప్పండి. అదీ తేలిపోతుంది."

నాకు అంతకన్నా ఏం కావాలి? నా చెవి నిజమని తేలితే నా మాట నిజమవుతుంది, నా మాట నిజమైతే నా ఇష్టమూ నిజమవుతుంది. పరీక్షకి వెళుతూ ఇంత ధీమాగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

వాళ్ళ హాలు చిన్నది. రెండు స్పీకర్లు, మధ్యలో ఆంప్లిఫయర్ ఉన్న బల్ల, దాని వెనక ఏం జరిగినా కనిపించకుండా దుప్పటి కట్టి ఉంది. ఆమె దుప్పటి వెనక కూర్చుని పదిసార్లు పాట పెడుతుంది. ప్రతిసారీ ఉన్నది పాత మామూలు వైరో, ఖరీదైన కేబులో నేను కాగితం మీద రాయాలి. వాళ్ళ నాన్న నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

పదిసార్లూ వెనక గలగలమని చప్పుడయింది, పదిసార్లూ అదే పాట. నాకు తేడా అద్దంలో చూసినట్టు తెలిసింది. జవాబులతోపాటు కారణాలు కూడా రాశాను. మూడోసారి గొంతు ఎండిపోయిందనీ, ఆరోసారి బేస్ బిగిసిందనీ, అలా.

ఆమె బయటికొచ్చి కాగితం తీసుకుని చదివింది. నవ్వలేదు. దుప్పటి పక్కకి లాగింది. ఖరీదైన కేబుల్ చుట్టచుట్టి ఆమె కూర్చున్న పీట కింద ఉంది.

"నేను ఒక్కసారి కూడా మార్చలేదు. పదిసార్లూ పాత వైరే."

ఆరోసారి బేస్ బిగియడం నేను విన్నాను. ఈ చెవులతో విన్నాను. లేనిదాన్ని విన్నానంటే, ఈ మూడేళ్ళూ కౌంటరు దగ్గర నిలబడి ఎంతమందికి ఏం చెప్పాను? ఒక్కొక్క మొహమూ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

"మిమ్మల్ని మోసగాడనుకున్నాను," అంది ఆమె నెమ్మదిగా. "మోసగాడైతే గది బాగాలేదనో, జలుబు చేసిందనో వంక పెట్టేవాడు. మీరు నిజంగానే విన్నారు."

అది ఓదార్పో, శిక్షో నాకు అర్థం కాలేదు. ఇంతలో వాళ్ళ నాన్న గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఇందాకటి నుంచీ పాడుతున్నది పాత వైరులోనా? మరి ఈవిడ నా ఎదురుగానే కూర్చుని పాడుతోందే."

ఇన్నాళ్ళూ ఆ గాయనిని పక్క గదిలో ఉంచింది ఆ పాత వైరే కదా. ఆమె చటుక్కున ఫోన్ తీసింది. ఏ వైరు ఊడదీసినా ముందు ఫొటో తీసుకోవడం ఆమె వృత్తిలో అలవాటు. కొత్త కేబుల్ పెట్టిన రోజు పాత వైరుకి తీసిన ఫొటో వెతికి పెద్దది చేసి చూసింది. ఫోన్ నా చేతిలో పెట్టింది.

ఆ పాత వైరులో రెండు పాయలూ ఒకే రంగు, ఒక దాని మీద మాత్రం సన్నటి గీత. మూడేళ్ళ కిందట ఈ ఇంట్లోకి మారినప్పుడు ఆమే హడావుడిగా కలిపిందట. ఎడమ స్పీకరు వెనక ఎరుపు బిగింపులో పెట్టాల్సిన పాయ నలుపులో, నలుపులోది ఎరుపులో పెట్టింది. రెండు స్పీకర్లూ ఒకదానికొకటి ఎదురు తిరిగి పనిచేస్తే గొంతు మధ్యలో నిలవదు, గదంతా పలచగా చెదిరిపోతుంది. కొత్త కేబుల్‌కి రెండు రంగులుండడంతో తప్పు దానంతటదే సర్దుకుంది. ఇవాళ పరీక్ష కదా అని పాతదాన్ని కూడా గీత చూసి సరిగ్గా కలిపింది.

ఫొటోలో ఉన్నట్టే తిప్పి కలిపి పాట పెట్టింది. గాయని హాల్లోంచి లేచి వెళ్ళిపోయింది.

"మూడేళ్ళు ఇలా విన్నావా నాన్నా? ఒక్క మాట చెప్పలేదేం?"

"నువ్వు కలిపావు కదమ్మా. తప్పుంటుందనుకోలేదు. నా చెవులే ముసలివయ్యాయనుకున్నాను."

ఆమె బల్ల వెనకే చతికిలబడింది. ఊరంతటికీ రిపేర్లు చేసే మనిషి కళ్ళ నిండా నీళ్ళు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. కేబుల్ వెనక్కి తీసుకుపోతాననీ, రేపటి నుంచి వెచ్చదనం లాంటి మాటలు చెప్పి అమ్మలేనని ఓనరుకి చెప్పేస్తాననీ అన్నాను. ఆమె తలూపింది. తరవాత, తల ఎత్తకుండానే అడిగింది.

"లేని వెచ్చదనం విన్నావు. నా మీద ఇష్టం కూడా అలాంటిదేనేమో?"

ఆ 'నువ్వు'కి సంతోషించే స్థితిలో కూడా లేను. గంట కిందటైతే ఒట్టేసి చెప్పేవాణ్ణి.

"తెలీదు," అన్నాను. "ఇవాళ నా మీద నాకే నమ్మకం లేదు. నాకు మాత్రం అది ఉన్నట్టే ఉంది."

"నీ సంగతి నాకూ తెలీదు. నా సంగతి చూసుకున్నాను." కళ్ళు తుడుచుకుంది. "మీ షాపుకి ఎందుకు వస్తున్నానా అని వెతికాను. కోపమా అంటే మూడో వారానికే పోయింది. వాదనా అంటే కొలతలతో అయిపోయింది. ఒక్కొక్క కారణం తీసి పక్కన పెట్టి చూశాను. అన్నీ తీసేశాక కూడా రావాలనే ఉంది."

ఒక రోజులో ఒక మనిషి ఎన్నిసార్లని అదిరిపడతాడు?

"అమ్మాయ్," అని కుర్చీలోంచి పిలిచాడు వాళ్ళ నాన్న. "ఆ అబ్బాయిని ఉండమనాలో వెళ్ళమనాలో నీ ఇష్టం. ముందు ఆ వైరు సరిచెయ్యండి. ఇంకో మూడేళ్ళు ఇలా వినలేను."

ఆమె నవ్వుతూ వైరు నా చేతిలో పెట్టి, నన్నే కలపమంది. నేను ఆ కంగారులో ఎడమ స్పీకరుది సరిచేసి, బాగానే ఉన్న కుడిదాన్ని తిప్పి తప్పుగా కలిపాను.

కూతురి తప్పుని మూడేళ్ళు భరించిన ఆ మనిషి, కాబోయే అల్లుడి తప్పుని మూడు నిమిషాలు కూడా భరించలేదు.