అరుగు అవతల మూడడుగులు

"సున్నా అరుగు అంచున ఉండాలండీ. మీ సున్నా అరుగెక్కి కూర్చుంది."

అంతోని నాలిక కరుచుకున్నాడు. టేపు చివరని అరుగు మీంచి మెల్లగా దించి అంచుకి ఆనించాడు. అవతల పంటకాలువ గట్టు మీద నిలబడ్డ అమ్మాయి, గొడుగుని మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, టేపు మీద అంకె చూసింది.

"రోడ్డు ఇరవై ఏడడుగులు. ముప్పై ఉండాలి."

"మూడడుగులేగా మేడం తేడా!"

"మూడడుగులేగా అని మీరనుకుంటారు. ఫైరింజను అనుకోదు."

అరుగు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న పెద్దాయన ఫక్కున నవ్వాడు. "ఏవయ్యా అబ్బాయ్, ఇంకాస్త వెనక్కి జరిగుంటే మా ఇంట్లోకే వచ్చేసేవాడివి. కాఫీ తాగి పోయేవాడివి."

అంతోనికి ఒళ్లు మండింది. మార్చి ఎండ సరేసరి.

అతను విజయవాడ వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టులో సేల్స్‌మన్. అక్కడ గోడౌన్ల మీది అద్దె గదుల్లో బతుకుతున్న ఎనిమిది కుటుంబాలు చేతులు కలిపి కంకిపాడు శివార్న ఓ స్థలం కొన్నాయి. బెజవాడలో కొనే తాహతు ఎవరికీ లేదు. కంకిపాడు దాటితే అంతా వ్యవసాయ జోను. వరి నాటుకోవచ్చు గానీ గోడ లేపకూడదు. ఆ రెంటికీ నడుమ చిక్కింది ఈ ముక్క. దాంట్లో ఎనిమిది వాటాలుగా మూడంతస్తులు కట్టుకుంటామని ప్లాను పెట్టారు. ఆ ప్లాను చూడ్డానికొచ్చిన ఈ అమ్మాయి ఊరి సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ. పేరు హెప్సిబా.

"ఒక మాట చెప్పండి మేడం. మా స్థలంలో ఒకే ఒక్క ఆసామి మూడంతస్తుల బంగళా కట్టుకుంటే ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాం. ఒక కుటుంబానికి ఈ రోడ్డు చాలు."

"అదే మేడలో ఎనిమిది కుటుంబాలు సర్దుకుంటామంటే?"

"చాలదు."

"అంటే డబ్బున్నోడి ఇల్లు తగలబడితే ఫైరింజను రాకపోయినా పర్లేదా?"

పెద్దాయన తొడ చరిచాడు. "ఇది పాయింటు!"

"మీరూరుకోండి," అని హెప్సిబా ఆయన్ని కసిరి, ఇటు తిరిగింది. "రూలు నేను రాయలేదండీ."

"పోనీ కాలువ గట్టు వైపు పూడ్చి రోడ్డు వెడల్పు చెయ్యండి."

"చెయ్యొచ్చు. పంచాయతీ బడ్జెట్‌లో దానికి పైసా లేదు. ఈ ఏడు ఉన్నదంతా వీధిదీపాలకే పోయింది."

అంతోని తలెత్తి స్తంభం వంక చూశాడు. మిట్టమధ్యాహ్నం దీపం దివ్యంగా వెలుగుతోంది. "అవును మేడం. పనైతే గట్టిగానే జరుగుతోంది."

ఆమెకి నవ్వొచ్చింది. రాకూడదని పెదవి బిగబట్టింది గానీ బుగ్గ మీద ఓ సొట్ట మాట వినలేదు. అంతోని అది చూశాడు. అంతే. ఆ క్షణం నుంచి మూడడుగుల గొడవలో ఇంకో గొడవ కలిసింది.

అసలు తొందరేమిటంటే, ఇలాంటి చిన్న వాటాల ఇళ్లకి సర్కారు ఇచ్చే సాయం మార్చి నెలాఖరుతో మురిగిపోతుంది. ఆలోపు ప్లాను పాసవ్వాలి. లేకపోతే వచ్చే బడ్జెట్‌లో ఉంటుందో ఊడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ సాయం లేకుండా ఆ ఎనిమిది కుటుంబాలు పునాది కూడా దాటలేవు.

మర్నాడు అంతోని సచివాలయంలో ప్రత్యక్షమయ్యాడు.

"ఏంటండీ?" అంది హెప్సిబా.

"రోడ్డు ఏమన్నా పెరిగిందేమో కనుక్కుందామని."

"రోడ్డు సొరపాదు కాదు, రాత్రికి రాత్రి పాకడానికి."

ఆ తర్వాతా వచ్చాడు. ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ ఎంతన్నాడు. చెప్పింది. మళ్లీ వచ్చి, నిన్న చెప్పింది మర్చిపోయానన్నాడు. అదీ చెప్పింది. ఇంకోసారి వచ్చి ఏమీ అడక్కుండా కూర్చున్నాడు. పక్క సీటు కనకలక్ష్మి టీ తెప్పిస్తూ, "మీ రోడ్డు మనిషికి కూడా చెప్పనా?" అంది. హెప్సిబా చెవులు ఎర్రబడ్డాయి.

ఆ టీ దగ్గరే అంతోనికి సంగతి తెలిసింది. అరుగు మీది పెద్దాయన పేరు ఆమోసు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పేరు మోసిన తాపీమేస్త్రి. సాక్షాత్తూ హెప్సిబాకి కన్నతండ్రి.

"ముందే చెప్పొచ్చుగా మేడం! ఆయన్ని లోపల ఎన్ని తిట్టుకున్నానో."

"పైకి అనలేదుగా. ఆయనకి మీరు నచ్చారు."

"ఆయనకేనా?"

"టీ చల్లారిపోతోంది," అంది హెప్సిబా.

నెల సగం దాటాక, రోడ్డు మరోచోట ఎక్కువ ఉందేమో కొలుద్దామని ఇద్దరూ ఆ సందులోకి వెళ్లారు. కొలిచేలోపే వాన పట్టుకుంది. వేళకాని వాన, పొలాల మీంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఇద్దరూ పరుగున ఆమోసు అరుగెక్కారు. ఆయన చర్చికి పోయినట్టున్నాడు, తలుపుకి తాళం. అరుగు మీది రేకు కింద ఇద్దరికీ జాగా ఉంది గానీ, వాన ఏటవాలుగా కొడుతూ అందులో కొంత తను పుచ్చుకుంది. ఆమె జడ చివరనుంచి నీటిచుక్కలు అంతోని చెప్పు మీద పడుతున్నాయి. చెప్పు జరపలేదు.

"కాస్త అటు జరగండి, తడిసిపోతున్నారు," అంది.

జరగడానికి గోడవార ఉన్న ఆమోసు పనిముట్ల సంచి ఎత్తాడు. దాని కింద సున్నం కొట్టిన రాయి ఒకటి బయటపడింది. గోడకి ఆనుకుని, అరుగులో సగం కలిసిపోయి ఉంది. నెత్తిన సిలువ గుర్తు.

"ఇదేంటండీ?"

"మా అమ్మ గుర్తు," అంది హెప్సిబా మెత్తగా. "ఈ జాగా కొన్నప్పుడు ఈ రాయి చూసి, దేవుడు మనకోసం ముందే సిలువ గీసి ఉంచాడని ఒకటే సంబరపడిందట. దాన్ని కలుపుకుని అరుగు కట్టమంది. అమ్మ పోయాక కూడా క్రిస్మస్‌కి నాన్న దానికి సున్నం..."

మాట ఆగిపోయింది.

పుట్టినప్పట్నుంచీ చూస్తున్న రాయి. దాని మీద కూర్చుని పలక మీద అ ఆలు దిద్దింది. అమ్మ చెప్పిన కళ్లతోనే ఇన్నేళ్లూ చూసింది. ఇప్పుడు మొదటిసారి ఉద్యోగం కళ్లతో చూసింది. అది సర్వే రాయి. రోడ్డు హద్దు అక్కడే. అరుగు అరుగంతా రోడ్డు మీదుంది.

అంతోనికీ అర్థమైంది. వాళ్ల స్థలానికి నాలుగు మూలలా ఇలాంటి రాళ్లే. గబుక్కున సంచి తెచ్చి యథాస్థానంలో పెట్టేశాడు.

"చూశారుగా?" అంది హెప్సిబా.

"ఏంటండీ?"

"రాయి."

"ఏ రాయి? భలే వాన కదండీ."

"అంతోని గారూ! ఆ రోజు మీరు దొంగతనంగా పెట్టిన చోటే అసలు సున్నా. మీ రోడ్డు ముప్పై అడుగులుంది. మీరు ఒక్క కంప్లైంటు రాసిస్తే చాలు."

"నేను రాయను."

"మీ అమ్మగారికి ఇల్లు వద్దా?"

"కావాలి." వాన వంక చూస్తూ అన్నాడు. "కానీ మీ నాన్నగారి అరుగు కొట్టించి, రేపు ఇదే గుమ్మంలోకి ఏ మొహం పెట్టుకుని రాను?"

"ఈ గుమ్మంలోకి మీరెందుకు రావాలి?"

అంతోని చెప్పు మీది నీటిచుక్కల వంక చూశాడు. మాట రాని మగవాడు ఎంత మంచివాడైనా ఆడపిల్లకి కోపమే తెప్పిస్తాడు. ఆమె గొడుగు విప్పి వానలోకి దిగి వెళ్లిపోయింది.

మర్నాడు రెండు జరిగాయి. ఒకటి, హెప్సిబా తన తండ్రికి ఆక్రమణ నోటీసు ఇచ్చింది. రెండు, అంతోని ఫైలు గన్నవరంలో ఉండే ఇంకో అధికారికి పంపించేసింది.

ఆమోసు నోటీసు పుచ్చుకోనన్నాడు. "ఎవరిచ్చారు?"

"ప్లానింగ్ సెక్రటరీ."

"ఆవిడ్ని ముందు ఇడ్లీ తినమను. చల్లారిపోతున్నాయి."

"పుచ్చుకోకపోతే గోడకి అంటించాలి నాన్నా. రూలు."

"అంటించు. జిగురెక్కడుంది?"

రాత్రి మిగిలిన అన్నం మెతుకులతో అంటించి ఆఫీసుకి పోయింది. సాయంత్రందాకా దారినపోయేవాళ్లందరికీ ఆమోసే అది చదివి వినిపించాడు. "నా కూతురు రాసింది. ఒక్క తప్పు లేదు చూడండి." కానీ ఆ పూట అన్నం సయించలేదు.

అంతోని సంగతి ఇంకా అన్యాయం. గన్నవరం వాళ్లు ఎప్పుడొస్తారో, నెలాఖరు ముంచుకొస్తోంది. ఆమె తనని వదిలించుకుందనుకున్నాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని తల్లి శౌరమ్మతో అంతా చెప్పేశాడు. రోడ్డు, రాయి, అరుగు. సొట్ట గురించి చెప్పలేదు గానీ ఆవిడకి అర్థమైంది.

శౌరమ్మ తెల్లారేసరికి కంకిపాడు మీదుగా పోయే బందరు బస్సెక్కింది. కొడుకు వద్దంటున్నా వినలేదు, వెనకే పరిగెత్తాడు.

"అన్నయ్యగారూ, కాసిని మంచినీళ్లిస్తారా?" అంటూ ఆమోసు అరుగు మీద చతికిలబడింది.

అన్నయ్య అన్న పిలుపు చెవినపడగానే అంతోనికి ప్రాణం లేచొచ్చింది. ఆ వరసన లెక్కేస్తే ఆమోసు కూతురు తనకేమవుతుందో వేరే చెప్పాలా!

శౌరమ్మ నీళ్లు తాగి, మూలనున్న రాయి చూసి, సిలువ గుర్తు వేసుకుంది. లోపల్నుంచి వచ్చిన హెప్సిబా ఉండబట్టలేక, "అది సర్వే వాళ్ల గుర్తండీ," అంది.

"ఎవరు గీస్తేనేం తల్లీ."

"మీరు ఆర్‌సీఎమ్ కేథలిక్కులా?" అన్నాడు ఆమోసు.

"అవునండి. తమరు?"

"లూథరన్."

"పర్లేదులెండి," అంది శౌరమ్మ పెద్దమనసుతో. అరుగుని అరచేత్తో నిమిరింది. "ఎంత నున్నగా తీశారు! మా ఆయన పోయినప్పుడు, పైన గదిలోకి తీసుకుపోవద్దన్నాడండి గోడౌను ఓనరు. కింద బెల్లం బస్తాల మధ్య పడుకోబెట్టాం. చూడ్డానికొచ్చినోళ్లని కూర్చోమనడానికి జాగా లేదు. రోడ్డు మీద నిలబడి, లారీలొస్తే తప్పుకుంటూ ఏడ్చి పోయారు. నాకు మేడలొద్దు అన్నయ్యగారూ. గుమ్మంలోకొచ్చినోళ్లని కూర్చోమనాలని ఉంది, అంతే. మీది కొట్టమనడానికి రాలేదు. ఇలాంటిదెలా కడతారో అడగడానికొచ్చా."

ఆమోసు రాయి వంక చూశాడు. తర్వాత కూతురి వంక తిరిగాడు.

"రాయి కూడా తీసేస్తారా?"

"సర్వే రాయి కదిలిస్తే కేసు నాన్నా. అది అమ్మ చూసిన చోటే ఉంటుంది."

"అంటే మీ అమ్మ రాయికి సర్కారు కాపలా అన్నమాట!" ఆమోసు మొహం విప్పారింది. లోపలికి పోయి సమ్మెట తెచ్చాడు. అంతోని అందుకోబోతే తోసేశాడు. "నేను కట్టింది ఇంకోడు కొడితే సిమెంటు తక్కువేశాడంటాడు. జరుగు."

ఒక దెబ్బ వేశాడు. అరుగు చెక్కు చెదరలేదు. "చూశారా!" అన్నాడు గర్వంగా. ఇంకోటి వేశాడు. "చూశారా ఎలా కట్టానో!" మధ్యాహ్నానికి గానీ లొంగలేదు. చివరికి అంతోనికీ సమ్మెట దక్కింది, దాంతోపాటు దాన్నెలా పట్టుకోవాలో ఓ పాఠమూ, "మీ అందరికీ మేస్త్రి దొరికాడనుకోమను మీ అమ్మని" అన్న కబురూ.

గన్నవరం నుంచి లక్ష్మీకాంత్ గారు వచ్చి కొలిచారు. ముప్పై. గడువుకి ఒక్క రోజు ముందు ప్లాను పాసైంది. వన్ టౌన్ గోడౌన్ల మీద ఆ సాయంత్రం ఎనిమిది గదుల్లోనూ పాయసం వండారు.

మర్నాడు అంతోని సచివాలయానికి వెళ్లి హెప్సిబా టేబుల్ ముందు నిలబడ్డాడు.

"థాంక్స్ చెప్పాలి గానీ చెప్పను. గడువు పీక మీదుంటే నా ఫైలు గన్నవరం గెంటేశారు."

"రూలు. సొంతవాళ్ల ఫైలు మనం చూడకూడదు."

"మీ నాన్నగారి అరుగని..."

"నాన్న నోటీసు పని నా దగ్గరే ఉంచుకున్నానుగా. నేనే అంటించాను. గన్నవరం పంపింది మీది."

"మరి నేను మీకు సొంతవాణ్ణి ఎలా..."

అక్కడ ఆగాడు. పక్క సీటులో కనకలక్ష్మి రిజిస్టరు రాయడం కూడా ఆగింది. హెప్సిబా కంప్యూటర్ వంక తదేకంగా చూస్తోంది. కరెంటు లేదు, అందులో ఏమీ కనబడదు.

"లక్ష్మీకాంత్ గారు కారణం అడిగారు. చెప్పాను," అంది చిన్నగా. "కంగ్రాట్స్ అన్నారు."

"అంటే గన్నవరంలో తెలిసిపోయింది గానీ నాకు తెలీదా!"

"మీకు ముందు చెబితే, మీరు సరే అన్నది నాకోసమో ప్లాను కోసమో జన్మంతా అనుమానంగా ఉండేది. ఇప్పుడు ప్లాను మీ చేతిలో ఉంది. నాతో మీకు పని లేదు. కావాలంటే వెళ్లిపోవచ్చు."

అంతోని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"లంచ్ టైమండీ," అంది సొట్ట దాచుకుంటూ. "ఆఫీసు మూసేస్తాం."

"మూసుకోండి," అన్నాడు అంతోని.