తిరిగిపోయిన తెరచాప

మంథని రేవు మెట్ల మీద శవం బోర్లా పడి ఉంది. తల వెనక పగిలింది. నెత్తురు రాత్రి వానకు కొట్టుకుపోయింది.

చనిపోయింది లచ్చయ్య. తెరచాప పడవకు పెద్ద. దిగువ నుంచి ఉప్పు బస్తాలతో వచ్చి, నిన్న సాయంత్రమే రేవులో ఆగాడు. పడవలో అతను కాక ఇద్దరే. చుక్కాని పట్టే అంజన్న, తెరచాప మోకు పట్టే మొగిలి.

సబ్ ఇన్‌స్పెక్టర్ సిద్దిరాములు శవం పక్కన గొంతుక్కూర్చున్నాడు. బొగ్గుగనుల సమ్మె బందోబస్తు నుంచి తెల్లవారుజామునే తిరిగొచ్చాడు. కళ్లు మండుతున్నాయి.

"రాత్రి ఏం జరిగింది?"

"మాకేం తెల్వది, అమీన్ సాబ్," అన్నాడు అంజన్న. "వాన రాకముందే తెరచాప దించి, చుట్టి, పడవ గూడు కింద పెట్టినం. మల్ల ముట్టలే. మేం పండుకున్నం. లచ్చన్న మెట్ల మీద కూసున్నడు."

"ఇంకెవరన్న వచ్చిండ్రా?"

"బుచ్చిరాములు వచ్చిండు. కొట్లాడిండు."

మొగిలి నేల చూస్తూ నిలబడ్డాడు.

ఆ తెరచాప గుడ్డ నేసింది బుచ్చిరాములే. అది చినిగిందని లచ్చయ్య నిన్న సాయంత్రం కల్లు దుకాణం దగ్గర అతన్ని తిట్టాడు. "నిన్ను సంపుత!" అని బుచ్చిరాములు అరిచాడు. ఊరంతా విన్నది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కు ఆ మాట చాలు. బుచ్చిరాములును లాకప్‌లో వేయించాడు. ఇవాళే కేసు రాసి పంపమన్నాడు.

ఠాణా గుమ్మంలో బుచ్చిరాములు భార్య సత్తవ్వ కూర్చుని ఉంది.

"మా ఆయనకు నోరే తప్ప చెయ్యి లేవదు, సారూ. వాన పడ్డంతసేపు ఇంట్లనే ఉన్నడు. నా మాట ఎవలు ఇంటరు?"

సిద్దిరాములు కేసు కాగితాల వైపు చూశాడు. రాసేస్తే పోయి పడుకోవచ్చు. ఆ ఆలోచనకు తనకే చిరాకేసింది. మళ్లీ రేవుకు నడిచాడు.

పడవంతా వెతికాడు. నెత్తురంటిన కర్ర లేదు, రాయి లేదు. కాళ్లు పీకుతున్నాయి. గూడు కింద బల్ల మీద తెరచాప చుట్ట కనిపిస్తే దాని మీద కూలబడ్డాడు.

లేచేసరికి ప్యాంటు తడి.

చుట్ట విప్పాడు. లోపలి మడతల్లోంచి నీళ్లు కారాయి. పక్కనున్న ఉప్పు బస్తా మీద చెయ్యి వేశాడు. పొడిగా ఉంది.

బుచ్చిరాములును, పడవవాళ్లిద్దరినీ అక్కడికే పిలిపించాడు.

"అంజన్నా, వాన రాకముందే చాప చుట్టినమంటివి. మరి లోపలి మడత ఎట్ల తడిసింది?"

"గూడు కారింది, సాబ్."

"కారితే ముందు ఉప్పు కరగాలె. ఉప్పు పొడిగున్నది. అంటే వానల చాప ఎత్తిండ్రు, తడిసినంక చుట్టిండ్రు. రాత్రి పడవ కదిలింది. యాడికి పోయిండ్రు?"

అంజన్న మొగిలి వైపు చూశాడు. మొగిలి ముందుకొచ్చాడు.

"నేనే, సాబ్! నా చేతులనే మోకు జారింది. పొద్దంత లాగి లాగి ఉన్న. కన్ను మూతవడ్డది. చాప కట్టిన వాసం వచ్చి లచ్చన్న తల మీద వడ్డది. గప్పుడే పానం పోయింది."

"వానల ఎందుకు పోయిండ్రు?"

"అవతలి ఒడ్డున లచ్చన్న బిడ్డె నర్మద ఉంటది," అన్నాడు అంజన్న. "చెప్పకుంట లగ్గం చేసుకున్నదని రెండేండ్ల సంది మాట్లాడలే. రాత్రి ఎందుకో మనసు కరిగింది. ఇప్పుడే పోదాం అన్నడు. వద్దన్నా ఇనలే. ఆ పిల్లకు శవాన్ని చూపెట్టలేక వాపస్ వచ్చి, రేవు మెట్ల మీద ఏసినం."

"బుచ్చిరాములు వచ్చిండని దొంగసాక్ష్యం ఎందుకు చెప్పినవ్?"

"మొగిలికి ఉరి పడుతదని భయమైంది."

"మరి నాకు పడితే?" అన్నాడు బుచ్చిరాములు.

సిద్దిరాములు అతన్ని ఇంటికి పంపించాడు. మిగిలిన ఇద్దరినీ జవాన్లకు అప్పగించి, నాటుపడవలో గోదావరి దాటాడు. నర్మదకు చావు కబురు ఇంకెవరితోనైనా పంపవచ్చు. మనసొప్పలేదు.

నర్మద ఒడ్డునే నిలబడి ఉంది. పోలీసు బట్టలు చూసి ఎదురొచ్చింది.

"మా బాపు పడవ అవతలి రేవుల ఉన్నదా, సారూ? రాత్రి మెరుపుల ఆ చాప కనవడ్డది. నడి ఏట్లకెల్లి తిరిగిపోయింది. ఇంక నా మీద కోపం పోలేదా ఆయనకు?"

సిద్దిరాములు టోపీ తీశాడు.

"కోపం లేదు, బిడ్డా. నీ దగ్గరికే బయలుదేరిండు. జర గా రాయి మీద కూసో, చెప్త."