ఆర్డర్ డబ్బాకు ఇవ్వని రంగు

పొద్దున్న ఎనిమిదింటికల్లా నెయూజా భోజనాలబల్లను రెండుగా పంచేసింది. ఇటు సగం కోడిమాంసం కూరి వేయించే కొషీన్యాల పిండి, అటు సగం మొగుడు వల్దీర్ మూడు స్క్రీన్లు. అతన్ని బ్యాంకువాళ్లు ఇంటికి పంపేసి రెండేళ్లయింది. అప్పటినుంచీ ఈ మహానుభావుడు షేర్ల వ్యాపారి. ఇస్త్రీ చొక్కా వేసుకుని సొంత వంటింటికి డ్యూటీకి వచ్చే వ్యాపారి జుయీజ్ జి ఫోరా ఊళ్లో ఇతనొక్కడే.

"నాలుగు రోజులు పట్టింది నెయూజా. మొత్తానికి పెరిగే షేర్లను ఏరిపెట్టే స్కానర్‌కీ, ధర గీత చూపే చార్టుకీ లంకె కుదిరింది. రెండింటికీ పచ్చరంగు ఇచ్చా, ఒకే రంగున్నవన్నీ కలిసి మారతాయి. ఇక్కడ కంపెనీ పేరు నొక్కితే అక్కడ దాని బొమ్మ అదే వచ్చేస్తుంది."

"బాగుంది. నేను పిలిస్తే పక్కగదిలోంచి నువ్వు రావు. నువ్వు నొక్కితే బొమ్మలు మాత్రం పరిగెత్తుకు రావాలి."

పదింటికి మార్కెట్ తెరిచారు. స్కానర్‌లో కాగితం తయారుచేసే ఒక కంపెనీ పేరు పైకొచ్చింది. వల్దీర్ దాన్ని నొక్కి, బొమ్మ చూసి, కొనేశాడు. గీత నిటారుగా ఎక్కుతుంటే కుర్చీలోనే ఊగిపోయాడు. పావుగంటకు ముఖం వాడిపోయింది. గీత ఎక్కుతూనే ఉంది, ఖాతాలో మాత్రం నష్టం పెరుగుతోంది.

"దొంగ సాఫ్ట్‌వేర్," అని పళ్లు నూరాడు.

నెయూజా పిండిచేతులతోనే వంగి స్క్రీన్‌లోకి చూసింది. "ఆ మూల డబ్బాలో ఉక్కు కంపెనీ పేరుందేం? పొద్దుటినుంచీ అదే ఉంది."

అది ఆర్డర్ డబ్బా, అందులో ఏ పేరుంటే ఆ షేర్లే కొంటుంది. దానికి పచ్చరంగు ఇవ్వడం మరిచిపోయాడు. కాగితం కంపెనీ బొమ్మ చూస్తూ, నిన్న డబ్బాలో మిగిలిపోయిన ఉక్కు కంపెనీని కొన్నాడు. అది చెడ్డవార్త వచ్చి కూలుతోంది. గబగబా అమ్మేసేసరికి పెట్టిన డబ్బులో పదోవంతు పోయింది.

"ఎవరి డబ్బది?"

వల్దీర్ తలెత్తలేదు. "ఫ్రీజర్ కోసం నువ్వు దాచింది."

"పెళ్లివాళ్లకి అయిదువందల కొషీన్యాలు ఒప్పుకున్నాను. శనివారానికి ఫ్రీజర్ రాకపోతే ఎక్కడ పెట్టమంటావ్, నీ చొక్కా జేబులోనా? సంతలో టమాటాలు కొనేవాడైనా చేతిలో ఉన్నదేంటో చూసుకుంటాడు."

"అను. రెండేళ్లుగా అంటూనే ఉన్నావుగా. ఇరవయ్యారేళ్లు బ్యాంకులో నన్ను అడగందే ఎవరూ సంతకం పెట్టేవాళ్లు కాదు. ఇప్పుడు కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగే దిక్కులేదు. ఇంకా పెద్ద ఫ్రీజర్ కొని చూపిద్దామనుకున్నా."

అడగకుండా డబ్బు తీసినవాడికి ఇది సాకు కాదని నెయూజాకు తెలుసు. అయినా ఈ రెండేళ్లలో అతన్ని వెక్కిరించిన మాటలన్నీ గుర్తున్నాయి. అడిగిన మాట ఒక్కటీ గుర్తు రాలేదు. సిగ్గేసింది.

"రెండు స్క్రీన్లు అమ్మేస్తాను. పోయినదానికి సరిపోతుంది. రేపు పొద్దున్నే..."

"రేపు కాదు, ఇవాళే." కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. "ఇంతకీ ఆ కాగితం కంపెనీనే ఎందుకు కొందామనుకున్నావ్? పొడుగ్గా చెప్పకు, నూనె కాగుతోంది."

వల్దీర్ చెప్పబోయాడు. మొదటి మాట దగ్గరే ఆగి, ఇస్త్రీ చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు.

నెయూజా లేచి, స్టవ్ ఆపి, వచ్చి మళ్లీ కూర్చుంది.