దేముడమ్మ చెవిలో

“నన్ను చంపింది మీరేనా?”

నీలం గేటు తీసిన రోనాల్డుకి ఎదురుగా ఒకమ్మాయి. చంకలో హెల్మెట్టు, ముక్కు మీద వాన చినుకు. చచ్చిపోయిన మనిషి ఇంత కళగా ఉండడం అతనెప్పుడూ చూళ్ళేదు.

“ఎప్పుడండీ?” అన్నాడు.

“నిన్న సాయంత్రం. మీ బెల్లంకోటలో ఉత్తరానికి నడిచేను. నుయ్యొచ్చింది, పడ్డాను. పైకి రాడానికి దారేదీ? ఆకలికి చచ్చిపోయేను. దిగడానికి దారి పెట్టినోళ్ళు ఎక్కడానికి పెట్టొద్దా అండీ?”

బెల్లంకోట అంటే రోనాల్డు నడిపే ఆట. బొమ్మలుండవు, అన్నీ అక్షరాలే. ‘నువ్వు సంతలో ఉన్నావు, తూర్పున వంతెన ఉంది’ అని తెర మీద పడుతుంది. ‘తూర్పు’ అని కొడితే వంతెనెక్కుతాం. పగలు ప్రింటర్లు బాగుచేసే రోనాల్డు, ఇంట్లో ఫ్రిజ్ పక్కన పాత కంప్యూటరొకటి పెట్టి, దాంట్లోంచే ఓ నలభై మందికి ఆ లోకాన్ని సప్లయి చేస్తున్నాడు. “మావోడు ఇంట్లోనే సర్వరు నడుపుతున్నాడు” అని వాళ్ళమ్మ లూర్దు మేరీ గర్వంగా చెప్తే, “ఇంట్లో సర్వరేటి, ఏ హోటల్లోనూ పెట్టుకోలేదా” అని గవరపాలెంలో వీధంతా జాలిపడింది. ఆ పెట్టెకి ర్యామ్ తక్కువ. ‘రామ్మా, రా’ అని బతిమాలితే గానీ తెర రాదు. కంప్లయింట్లుంటే ఇంటికి రమ్మని ఆట మొదట్లోనే అడ్రసు రాసేడు, ఎవరొస్తార్లే అన్న ధీమాతో.

వచ్చింది. పేరు షైనీ. తుమ్మపాలలో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తుంది.

ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, చూస్తుండగానే నూతికి మెట్లు కట్టేడు. కట్టడమంటే నాలుగు లైన్లు టైపు కొట్టడమే. ఆ నాలుగు లైన్లలో ఆరు తప్పులు కొట్టి దిద్దుకున్నాడు.

“బతికేనా?” అంది షైనీ.

“బతికేరు.”

“అయితే ఆదివారం వంతెన సంగతి చూద్దాం. దాని మీద ఏనుగు నడిస్తే నిలబడుతోంది, నేను నడిస్తే కూలుతోంది. నాకది అవమానం.”

ఆదివారం వంతెన. తర్వాత తలుపు తియ్యని పూజారి, ఆ తర్వాత ఈత రాని చేప. ఆమె బగ్గు చూపిస్తుంటే ఇతను బుగ్గ చూసేవాడు. ఆమె లాగిన్ అయితే ఇతని గుండె లాగినట్టయ్యేది. లూర్దు మేరీ ఆమెకి ‘కంప్లయింటమ్మాయి’ అని పేరెట్టి, వచ్చినప్పుడల్లా పకోడీల ప్లేటు చేతికిచ్చేది. ఇంత జరుగుతున్నా రోనాల్డు నోట్లోంచి పనికొచ్చే మాట ఒక్కటీ రాలేదు. రోజూ ప్రింటర్ల మధ్య ఉండడం వల్లనో ఏమో, మాట దగ్గరకొచ్చేసరికి కాయితం ఇరుక్కున్నట్టు ఇరుక్కుపోయేది.

వానలు ముదిరేక అతనొక వింత గమనించేడు. ఎవరు ఎక్కడున్నారో ఆట నడిపేవాడికి కనిపిస్తుంది. షైనీ కత్తి పట్టుకుని కొండలెక్కడం మానేసింది. వచ్చిన దగ్గర్నుంచి దేముడమ్మ బెల్లం కొట్టు దగ్గరే నిలబడుతోంది. దేముడమ్మ మనిషి కాదు, ప్రోగ్రాము. మిగతావాళ్ళకి కనపడకుండా ఆవిడ చెవిలో ఎవరేం టైపు కొట్టినా ఒకటే జవాబు: ‘దిమ్మ కావాలా, పొడి కావాలా?’

‘బెల్లం వ్యాపారంలో దిగినట్టుంది’ అనుకున్నాడు మన మేధావి. ఆమెకి లాభం రావాలని బెల్లం రేటు సగానికి తగ్గించేడు. మర్నాడు షైనీ అక్కడ ఇంకా ఎక్కువసేపు నిలబడింది. మురిసిపోయి, ఊరికే ఇచ్చెయ్యమని దేముడమ్మకి ఆర్డరేసేడు.

ఆ మర్నాడే షైనీ వచ్చింది. ప్లేటందుకోలేదు, కూర్చోలేదు.

“నా పేరు తీసెయ్యండి. నా కత్తి, నా గొడుగు, బెల్లంకోటలో నాదన్నది ఏటుంటే అది. మీరు తప్ప ఇంకెవరూ తియ్యలేరంట కదా.”

రోనాల్డు లెక్కేసుకున్నాడు. ఆ పేరు పోతే ఇంక కంప్లయింట్లుండవు. కంప్లయింట్లు లేకపోతే ఈ గేటు ఆమె ఎందుకు తీస్తుంది?

“ఏం తప్పు చేసేనండీ?”

“ఏమీ చెయ్యలేదు, అదే తప్పు. వానాకాలమంతా చెప్పేను. మనసులో మాట చెప్తే మర్నాడు బెల్లం సగం రేటుకిచ్చేరు. ఇంకా విప్పి చెప్తే ఊరికే ఇచ్చేరు. మనిషి పరువు తియ్యడానికి అంత బెల్లం ఎందుకండీ? కుదరదని ఒక్క మాటంటే పోయేది.”

“ఎవరికి చెప్పేరు?”

“దేముడమ్మ చెవిలో.”

“అది నేను కాదు కదండీ.”

“రాసింది మీరు, పెట్టె మీ ఇంట్లో. నడిపేవాళ్ళకి అందరి గుసగుసలూ వినపడతాయని మా కంప్యూటర్ సారు చెప్పేరు. మొహం మీద చెప్పడానికి సిగ్గేసి, అలా చెప్తే మీరే చదువుకుంటారని...”

రోనాల్డు కుర్చీ ఆమె వైపు జరిపేడు. “మీరు ఏ చర్చికెళ్తారు?”

“బాప్టిస్టు. ఇప్పుడదెందుకు?”

“మీకు కన్ఫెషన్ పెట్టె ఉండదు. మా ఆర్‌సీఎం కేథలిక్ చర్చిలో ఉంటుంది. ఒకళ్ళు ఫాదరుగారికి పాపాలు చెప్పుకుంటుంటే, వెనకవాళ్ళు వినపడనంత దూరంలో నిలబడాలి. చిన్నప్పుడొకసారి ముందుకి జరిగితే మా అమ్మ చెవి మెలిపెట్టేసింది. చెవిలో మాట పైవాళ్ళు వినకూడదండీ. అందుకే వినే వీలు నేనే పీకేసేను. ఎక్కడా దాచను కూడా. ఇదిగో, చూడండి.”

తెర మీద ఆ లైన్లు చూపించేడు. లెక్కల టీచరు ఒక్కో లైనూ లెక్క దిద్దినట్టు చూసింది.

“మరి బెల్లం?”

“మీ వ్యాపారం బాగుండాలని.”

షైనీ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు వేళ్ళ సందుల్లోంచి తప్పించుకుంది. నవ్వుతూనే చెవుల దాకా ఎర్రబడింది. “అంటే నేను చెప్పిందేదీ మీకు తెలీదు.”

“అక్షరం కూడా.”

“అమ్మయ్య. అయితే ఏం చెప్పలేదనుకోండి. వెళ్తాను.” హెల్మెట్టు తీసుకుని గేటు వైపు నడిచింది.

ఇరుక్కున్న కాయితం అప్పుడొచ్చింది బయటికి.

“ఆగండి. నేను ఆట నడిపి చాలా రోజులైంది. మీరొచ్చేరా లేదా అని చూడ్డమే పని. మిగతావాళ్ళు కొండ మీంచి పడిపోతున్నా పట్టించుకోటం లేదు. మీరంటే నాకు ఇష్టం. కుదరదంటే చెప్పండి, మీ చేత్తో మీరే పేరు తీసెయ్యండి. నా చేత్తో మాత్రం తియ్యలేను.”

వానలో ఒక కాలూ వసారాలో ఒక కాలూ పెట్టి షైనీ ఆగిపోయింది.

“కుదురుద్దని సెప్పీమ్మా,” అంది వంటింట్లోంచి లూర్దు మేరీ. “ఆడు ఒక్క బిగిన ఇన్ని మాటలాడ్డం నేనెప్పుడూ ఇన్లేదు. ఏ సర్చిలో పెళ్ళన్నది మా ఫాదరుగారూ మీ పాస్టరుగారూ సూసుకుంటారు.”

షైనీ వెనక్కొచ్చింది. తడిసిన హెల్మెట్టు ఫ్రిజ్ మీద పెట్టి, స్టూలు లాక్కుని రోనాల్డు ఎదురుగా కూర్చుంది.

“నేను దేముడమ్మకి చెప్పినవన్నీ వింటారా? చాలా ఉన్నాయి. సగం తిట్లే.”

“తిట్లతోనే మొదలెట్టండి.”

ఆమె ఊపిరి పీల్చుకుని, సూటిగా మొహంలోకే చూసింది.

“ఏయ్ మొద్దూ, నీకు ఎన్నిసార్లు చెప్పాలి?”

‘మీరు’ ఎగిరిపోయి ‘నువ్వు’ వచ్చేసింది. నువ్వుల మీద వేడి పాకం పోసినట్టయింది రోనాల్డుకి.

“తర్వాత?” అన్నాడు.