బెల్లం అంగడిలో చిప్

మంగళూరు పాత రేవులో, ఎప్పటిదో గోదాం మెట్లను ఫోటో తీస్తున్న ఏజెంట్ గిరీశ్‌ను వెనక నుంచి కాల్చారు. సైలెన్సర్ వాడారు. పక్కనున్నవాళ్ళు కాలు జారి పడ్డాడనుకున్నారు.

వారం తిరక్కుండానే చిక్కబళ్ళాపురంలో చీఫ్ మునికృష్ణప్ప ముందు ఏజెంట్ అమరేష్ నిలబడ్డాడు.

"గిరీశ్ దగ్గర కొట్టేసిన చిప్‌లో, సరిహద్దు అవతల పనిచేసే మనవాళ్ళందరి పేర్లుండాయి. ఈపొద్దు చింతామణి పాతపేటలో హెరిటేజ్ ఫోటో వాక్. ఆడ చిప్ చేతులు మారుతాది. మారిందంటే వాళ్ళెవరూ బతకరు."

"తెచ్చేదెవరు సార్?"

"చైత్ర."

అమరేష్ పళ్ళు కొరికాడు. చైత్ర తమ డిపార్ట్‌మెంటే. గిరీశ్ శవం దగ్గర వెక్కి వెక్కి ఏడ్చింది కూడా.

"రెండు పక్కలా జీతం తింటాండాది. తొందరపడి పట్టుకోవద్దు. తీసుకునేవాడు కావాల."

తొందరపడొద్దట! స్నేహితుణ్ణి చంపించిన మనిషి వెనకాల నవ్వుతూ నడవాలట! అమరేష్‌కు ఒళ్ళు మండిపోయింది.

అయినా నడిచాడు. పెళ్ళి ఫోటోగ్రాఫర్ వేషం, అంటించిన గడ్డం, భుజాన ట్రైపాడ్, చెవిలో ఇయర్‌పీస్. ముందు ఎర్ర కుర్తా, నల్లకళ్ళద్దాలతో చైత్ర. పాత మిద్దెల చెక్కడపు స్తంభాలను అందరికీ చూపిస్తూ, ఒక మలుపులో మాయమైంది. అమరేష్ పరుగెత్తి సందు చివర దొరకబుచ్చుకున్నాడు. ఆమె చేతులు ఖాళీ.

"ఎక్కడ పెట్టావ్?"

"లేటయ్యావ్ అమరేష్." చైత్ర నవ్వింది. "ఈపాటికి అందిపోయుంటుంది."

"గిరీశ్‌ను అన్నా అని పిలిచిన నోరేనా అది? సిగ్గులేదూ నీకు?"

సంకెళ్ళు వేసి ఆమెను కిటికీ ఊచకు తగిలించాడు. అప్పుడే వీధిలో గలాటా వినిపించింది.

వెంకటరాయప్ప బెల్లం అంగడి ముందు, మెడలో కెమెరాతో ఒక విదేశీయుడు ఊగిపోతున్నాడు. "ఐ గేవ్ యూ ద కోడ్. గివ్ మీ ద బాక్స్!"

గల్లాపెట్టె మీద లెన్స్ డబ్బా. దాని మీద ముసలి వెంకటరాయప్ప చెయ్యి.

"డబ్బా ఇచ్చిపోయిన ఆ ఎర్ర కుర్తా పాప చెప్పమన్న మాటే చెప్పినావు, కాదన్లేదప్పా. పొద్దున్నే బోణీ కాకుండా అంగట్లోంచి వస్తువు ఊరికే బయటికి ఇచ్చేది లేదు. ఏమన్నా కొను."

విదేశీయుడు డాలర్ నోటు విసిరాడు.

"ఇది ఈడ నడవదప్పా. మన నోటియ్యి."

వాడి చెయ్యి సంచిలోకి పోయింది. పిస్టల్ బయటికి రావడం, అమరేష్ ట్రైపాడ్ ఆ మణికట్టు మీద పడడం ఒకేసారి జరిగాయి. రెండో దెబ్బ డ్యూటీకి అవసరం లేదు. అది గిరీశ్ కోసం కొట్టాడు.

వాణ్ణి కట్టేసి, డబ్బా అందుకోబోయాడు. ముసలాయన చెయ్యి కదల్లేదు.

"డిపార్ట్‌మెంట్, తాతా."

"నువ్వైనా అంతేనప్పా."

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "స్టేటస్ చెప్పప్పా."

"ఇద్దరూ దొరికినారు సార్. మనవాళ్ళు బతికినట్టే." అమరేష్ ఇంకా కోపంతో రొప్పుతూనే ఉన్నాడు. "చిప్ మాత్రం కొంచెం ఆలస్యమైతాది. అరకేజీ బెల్లం తూస్తాండారు."