ఎడమ చేతి రొట్టె

"ఇది బన్నా, బండనా?"

ఆ అమ్మాయి చేతిలోని బన్నును గాజు కౌంటరు మీద కొట్టి చూపించింది. నిజంగానే టక్కుమంది.

జగిత్యాల బస్టాండు వెనక సందులో జితేందర్ బేకరీ తెరిచి అప్పటికి పదకొండు రోజులు. మస్కట్ హోటల్లో ఆరేళ్లు రొట్టెలు కాల్చి వచ్చినవాడు. అక్కడ ఎవరూ అతని చేతి పనిని ఇంత మాట అనలేదు.

"అది పొద్దటిది మేడమ్. పది నిమిషాలు ఆగితే వేడిది వస్తదని చెప్పిన. మీరే ఆగలే."

"మీ పది నిమిషాలకు బస్సు ఆగుతదా?"

"గీ వానకు బస్సే రాదు. కూసోండ్రి."

బయట వాన సందును కాలువ చేసేసింది. ఇక చేసేది లేక ఆమె కూర్చుంది. బట్టీలోంచి తీసిన రొట్టెలు అరచేతిలో ఇమిడేంత చిన్నవి. పైన వాము, నువ్వులు, ఎల్లిగడ్డ, కొంచెం ఎర్రకారం. పక్కనే స్టీలు గిన్నెలో పాలు, వెన్న, చీజ్ కలిపి కాచిన వేడి ముద్ద.

"గీ తెల్లగున్నదేంది?"

"చీజ్. దీంట్ల ముంచుకొని తినుండ్రి."

తిన్నది. జితేందర్ కౌంటరు తుడుస్తూ ఆమె ముఖమే చూశాడు.

"ఉప్పు తక్కువైంది" అంటూ రెండోది తీసుకుంది.

ఆమె పేరు సుమలత. ఊరు సిరిసిల్ల. జగిత్యాలలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం, హాస్టల్లో మకాం. ఆ రోజు మొదలు సాయంత్రం ఆరు కాగానే వచ్చేది, ఏదో ఒక వంక పెట్టేది. వాము ఎక్కువైందంటే మరుసటి రోజు తగ్గేది. అడుగు మాడిందంటే మరుసటి రోజు మాడేది కాదు. ఎనిమిది నెలలు అలా గడిచేసరికి అతని రొట్టెలు జగిత్యాలంతటికీ నచ్చాయి గానీ, నిజానికి అవన్నీ ఒక్క మనిషి నాలుక కోసం తయారైనవి. అతను ఆమెను ప్రేమించాడు. ఆ ముక్క చెప్పడానికే ఒక శుక్రవారం కొత్త చొక్కా వేసుకున్నాడు.

ఆ శుక్రవారం ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ల్యాబ్‌కు వెళ్లి అడిగితే, నాన్నకు పక్షవాతం వచ్చిందని, ఉద్యోగం మానేసి ఊరికి పోయిందని చెప్పారు.

పదో రోజుకు ఫోన్ ఎత్తింది.

"ఇగ నేను రాను జితేందర్. నా కోసం చూడకు."

"చూస్తున్ననని ఎవలు చెప్పిండ్రు?"

"అందరికి ఏడింటికి వేడి రొట్టెలు. నాకు ఆరింటికే. గది చాలదా?"

అతనికి నవ్వు వచ్చింది. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

ఆ తర్వాత ఫోన్లలోనే సంగతంతా తెలిసింది. ఆమె తండ్రి జలపతికి కుడిచేయి పూర్తిగా పడిపోయింది. మాట వచ్చింది, మింగుడూ బాగానే ఉంది. తిండే లేదు. ఎడమ చేత్తో తినమంటే, "ఆ చెయ్యితోని అన్నం ముట్ట" అంటాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ చేయి కడుక్కోవడానికే గానీ కంచంలో పెట్టడానికి కాదు. పోనీ ఎవరైనా తినిపిస్తారంటే భార్య చేతి ముద్ద కూడా తినడు. కూతురు పెడితే మూడు ముద్దలు తిని, పసిపిల్లాడిలా నోరు తెరుస్తున్నానన్న సిగ్గుతో గోడవైపు తిరుగుతాడు. రెండు నెలల్లో మనిషి సగమయ్యాడు. ఇట్లాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందన్నాడు డాక్టరు.

"నేను ఒక్క పూట లేకపోతే గా మూడు ముద్దలు కూడ లేవు" అంది సుమలత. "ఇగ నాకు కొలువేంది, పెండ్లేంది?"

జితేందర్ రెండు రోజులు ఆలోచించాడు. మనిషి అన్నం ఎడమ చేత్తో తినడు సరే, చాయ్ కప్పు కుడిచేతిలో ఉంటే బిస్కట్టు ఏ చేత్తో పట్టుకుంటాడు? రొట్టెకు అంత పట్టింపు ఉంటుందా?

కోరుట్లలో ఉండే తల్లి దేవవ్వకు ఫోన్ చేసి విషయం చెప్పాడు. కూలి పని చేసి కొడుకును పెంచిన మనిషి, మాటలు తక్కువ.

"కారం తగ్గియ్యి కొడుకా" అంది. "మంచంల పడ్డోనికి రుచి తెల్వాలె, మంట కావద్దు."

ఆదివారం పొద్దున్నే పిండి కలిపి స్టీలు డబ్బాలో, చీజ్ సంచిలో పెట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాడు. బస్సులో ఉక్కపోత. వేములవాడ దాటేసరికి పిండి పొంగి మూతను పైకి నెట్టింది. పక్క సీట్లో, అక్కడి గుడికి వచ్చి తిరిగి పోతున్న ముసలమ్మ ఉలిక్కిపడింది.

"ఏం తీస్కపోతున్నవ్ కొడుకా? అండ్ల పాణమున్నదా?"

"రొట్టె పిండి అవ్వా."

"ఎవలకు?"

అతను డబ్బాను గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

సుమలత ఇంటి ముందు గదిలో నాలుగు మరమగ్గాలు, నాలుగూ ఆగి ఉన్నాయి. తల్లి రాజవ్వ పక్కింటి మగ్గాల కోసం నూలు కండెలు చుడుతోంది. జలపతి నులక మంచం మీద ఉన్నాడు. వయసులో చేతిమగ్గం నేసి, తర్వాత మరమగ్గాలు పెట్టిన మనిషి. కుడిచేయి ఒళ్లో ఉంది, ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువులా.

"ఎవలింటి పిల్లగానివి?" అన్నాడు.

"మాది కోరుట్ల కాక. దేవవ్వ కొడుకును. మా అమ్మ పసుపు కాడ కూలికి పోతది. మాకు భూమి లేదు. ఆదివారం చర్చికి పోతం." అడగకముందే అన్నీ చెప్పేశాడు. దాచి లోపలికి రావడం అతనికి ఇష్టం లేదు.

జలపతి గోడవైపు తిరిగాడు.

వంటింట్లో సుమలత గొంతు తగ్గించి అడిగింది. "ఎందుకొచ్చినవ్?"

"రొట్టెలు కాలుద్దామని."

"అబద్ధం."

"రొట్టెలకే వచ్చిన. మీ బాపు తింటే నిన్నొకటి అడుగుత. తినకపోతే అడగ."

"నువ్వు అడిగేది నాకు తెలుసు."

"తెలిసి జవాబు చెప్పవైతివి."

"ఆయన ఆకలితోని పండుకోని ఉండంగ నేనేం జవాబు చెప్పాలె జితేందర్?" అంది. కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకోవడానికి ఆమె చేతులు ఖాళీగా లేవు. పాలు కలుపుతోంది.

అక్కడ బట్టీ లేదు. పెద్ద కుక్కర్ అడుగున ఉప్పు పోసి కాచి, గిన్నెలో రొట్టెలు పేర్చి మూత పెట్టాడు. వాము, ఎల్లిగడ్డ వాసన ఇల్లంతా పాకింది. కొంచెం మైదా వేయించి, పాలు పోసి, చీజ్ తురిమి కాచింది సుమలత. కాస్త ఆరుతుందని గిన్నెను తండ్రి మంచం పక్కనున్న స్టూలు మీద పెట్టి వచ్చింది.

ఆ పని ఆమె మామూలుగానే చేసింది. చూసిన కళ్లు మాత్రం నేతగాడివి.

తెల్లగా, చిక్కగా, ఆవిర్లు వస్తూ, ఉడికిన పిండి వాసనతో గిన్నె పక్కన ఉంది. జలపతి దాన్ని చాలాసేపు చూశాడు. ఎడమ చేయి మెల్లగా కదిలింది. రెండు వేళ్లు గిన్నెలో ముంచి, బొటనవేలితో రాసి, సాగదీసి చూశాడు. వీధి పొడవునా పడుగు దారాలు పరిచి నూలుకు గంజి పట్టించిన రోజుల్లో అతను రోజూ చేసిన పని అది.

"రాజవ్వా, గంజి పలుచగైంది" అన్నాడు. "పోగుకు పట్టది."

రాజవ్వ చేతిలో కండె ఆగిపోయింది. రెండు నెలల్లో అతని నోట పని మాట రావడం అదే మొదటిసారి.

"గది గంజి కాదయ్యా" అంది మెల్లగా. "తినేది. నీ కోసమే చేసిండ్రు."

జలపతి తన వేళ్లు చూసుకున్నాడు. ఎడమ చేతి వేళ్లు. ముఖం వాడిపోయింది.

"తిండిల ఎడమ చెయ్యి పెట్టిన. పారబొయ్యుండ్రి" అన్నాడు.

వేడి రొట్టెల పళ్లెంతో గుమ్మంలో నిలబడిన సుమలతకు అడుగు పడలేదు. తండ్రి ఇక ఆ మూడు ముద్దలు కూడా తినడని ఆమెకు అర్థమైంది.

వెనకే వచ్చిన జితేందర్ పళ్లెంలోంచి ఒక రొట్టె తీసుకున్నాడు. కుడిచేయి మణికట్టు దాకా రెండో వాయి పిండి. ఎడమ చేత్తోనే తుంచాడు, అదే గిన్నెలో ముంచాడు, నోట్లో పెట్టుకున్నాడు.

"బట్టీ కాడ మా కుడిచెయ్యి పొద్దంత పిండిలనే ఉంటది కాక. ఆకలైతే గీ చెయ్యే దిక్కు. ఆరేండ్లు గిట్లనే తిన్న."

జలపతి అతన్ని సూటిగా చూశాడు. "నువ్వు పని చేస్తవు, తింటవు. నేనేం పని చేస్తున్న?"

"ఇప్పుడు చేసింది పని కాదా? పలుచగైందని నాకు తెల్వలే, సుమకు తెల్వలే. వేలు పెట్టి చూసి మీరే చెప్పిండ్రు."

అతను గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లాడు. ఇంకాస్త చీజ్ వేసి, చిక్కబడేదాకా కలిపి, మళ్లీ తెచ్చి మంచం అంచున పెట్టాడు.

"ఇప్పుడు చూడుండ్రి."

పక్కింటి మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. జలపతి రెండు వేళ్లు ముంచి, రాసి, సాగదీశాడు. ఈసారి సన్నని తీగ సాగింది, తెగలేదు.

"ఇప్పుడు పట్టుతది" అన్నాడు.

ఆ వేళ్లను తుడుచుకోబోయి ఆగాడు. పళ్లెం వైపు చూశాడు. ఎడమ చేత్తో ఒక రొట్టె అందుకుని, ఒళ్లో పెట్టుకుని తుంచడానికి తంటాలు పడ్డాడు. సుమలత ముందుకు రాబోతే రాజవ్వ ఆమె మోచేయి పట్టుకుని ఆపింది. రొట్టె మెత్తనిది, మెల్లగా తెగింది. ముంచి తిన్నాడు. ఆగి, ఇంకో ముక్క తుంచాడు. ఒకటి అయిపోయింది. రెండోది తీసుకున్నాడు. గడ్డం మీద చీజ్ కారితే తనే తుడుచుకున్నాడు.

మూడో రొట్టె సగంలో కూతుర్ని పిలిచాడు. ఆమె వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది. ఒక ముక్క ముంచి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"ఎడమ చేత్తోని పెడుతున్న బిడ్డా. ఏమనుకో..."

మాట పూర్తికాకముందే ఆమె నోరు తెరిచింది. నమలలేక, ఏడ్పు ఆపుకోలేక తండ్రి మోకాలి మీద తల పెట్టేసింది.

"ఊకో" అన్నాడు జలపతి. "ఇగ నా తిండి నేను తింట. నువ్వు నీ కొలువుకు పో."

సుమలత తలెత్తి జితేందర్ వైపు చూసింది. "ఏదో అడుగుతనంటివి. అడుగు."

"ఇప్పుడా? గీడనా?"

"గీడనే. బాపు ముంగట్నే."

ఇన్ని నెలలు దాచుకున్న మాటకు ఏ సింగారమూ దొరకలేదు. "నన్ను పెండ్లి చేసుకుంటవా సుమా?"

"చేసుకుంట" అంది. పరిచయమైనప్పటి నుంచి మొదటిసారి ఏ వంకా పెట్టలేదు.

రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జలపతి వీధి గుమ్మం వైపు చూశాడు. కులం, చర్చి, వీధిలో జనం, రేపు ఇంటి ముందు నిలబడి అడగబోయే చుట్టాలు, అన్నీ అతని ముఖంలో కనబడ్డాయి. జితేందర్ తల వంచుకుని ఎదురుచూశాడు.

చివరికి జలపతి ఎడమ చేయి చాపి పళ్లెంలోంచి ఇంకో రొట్టె తీసుకున్నాడు.

"పెండ్లి ముచ్చట్లు పిల్లలు పిల్లలే మాట్లాడుకుంటరా?" అన్నాడు. "మీ అమ్మను తోల్కరా పో."