రెండో తీగ

"ఆ తాడు మీద చీర ఆరేసిందెవరండీ?"

"నేనే. చేను మాది, చీర మాది. తాడొక్కటే నీది. కావాల్నంటే ఇప్పుకపో!"

నరసరాజు భీమవరం నుంచి సర్వే వాళ్లతో వచ్చి, వెలిమెలలో పౌలు చేనులో ఏరియల్ నిలబెట్టి తాళ్లతో బిగించి గంటైనా కాలేదు. దబాయించింది పౌలు కూతురు దయావతి. పటాన్‌చెరు బడిలో టీచరమ్మ.

అది 1978. ఆ ఏడు ముసురు విడవనే లేదు. బడి నుంచి వస్తూ దయావతి రోజూ సర్వే డేరాలో, ఏరియల్‌కి తగిలించిన పెట్టె దగ్గర ఆగేది.

"ఏందింటది నీ పెట్టె?"

"పైన ఉపగ్రహం పోతూ రెండు రకాల రేడియో అలలు పంపుతుందండి. ఆకాశంలో ఒక పొర దాటేటప్పుడు రెండూ వంగుతాయి, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. ఒక్కదాన్నే నమ్మితే మనమున్న చోటు తప్పు చూపిస్తుంది. రెండూ పోల్చితేనే సరైన చోటు తెలిసేది."

"గింత సదివి, యాడ నిలబడ్డవో నీకే తెల్వదన్నట్టు!"

ఇద్దరూ నవ్వారు. చిక్కంతా ఆ నవ్వుతోనే వచ్చింది.

శనివారంతో పని అయిపోతుంది, డేరా ఎత్తేస్తారు. ఆదివారం జోగిపేట నుంచి దయావతిని చూడ్డానికి పెళ్లివారొస్తారు. అంతా తెలిసీ నరసరాజు ఆమెకి మనసులో మాట చెప్పలేదు. ఉద్యోగం టెంపరరీ, మనిషి పిరికి.

శనివారం ఆఫీసరు కాగితాలు చూసి మండిపడ్డాడు. వారమంతా ఒక్క అలే పడింది. రెండో అలను పట్టే ఏరియల్ రెండో తీగ ఊడి ఉంది. పనంతా నీళ్లపాలు.

"నువ్విక రానక్కర్లేదు," అన్నాడు నరసరాజుతో.

వానలో తడుస్తూ దయావతి వచ్చింది.

"గా తీగ నేనే గుంజిన," అంది ఏడుస్తూ. "ఇంకొన్ని దినాలుంటవనుకున్న. నౌకరీ పోతదనుకోలే. సార్‌కు చెప్త, పా."

"వద్దండి. ఊడిన రోజే చూశాను. పెట్టె మీద రెండో దీపం వెలగలేదు. మళ్లీ తగిలించబుద్ధి కాలేదు."

ఆమె తెల్లబోయింది. "మరి నోరు తెరిచి చెప్పొద్దా?"

"ఇప్పుడు చెబుతున్నాను. మీరంటే నాకు ప్రాణం. ఉద్యోగం కూడా లేనివాణ్ణి, ఇంకేం చెప్పను?"

పక్కనే డేరా మేకులు పీకుతున్న పౌలు అంతా విన్నాడు. లేచి వచ్చి నరసరాజు ముందు నిలబడ్డాడు.

"మీ అమ్మ మా ఇంట్ల బువ్వ తింటదా?"

నరసరాజు తల దించుకున్నాడు. "తినదండి. నేను తింటాను."

పౌలు చేతిలోని మేకు డేరా గుడ్డ మీద పడేశాడు. "జోగిపేటోళ్లను రావద్దని చెప్త. గంతే. పిల్లనిస్తననలే. ముందుగాల నౌకరీ దేవులాడుకో."

సర్వే వాళ్ల జీపు వెళ్లిపోయింది. ఏరియల్ పీకిన గుంతలో నీళ్లు నిండాయి. ఆ చోటు సరిగ్గా ఎక్కడుందో లెక్క తేలనే లేదు. నరసరాజు మాత్రం ట్రంకు పెట్టె పట్టుకుని అక్కడే తడుస్తూ ఉన్నాడు.

"తింటనంటివి గద," చేను పక్కనే ఉన్న ఇంటి గడపలోంచి పౌలు కేకేశాడు. "రా మరి."

గడప దాకా వచ్చాక, అమ్మ గుర్తొచ్చి నరసరాజు కాళ్లు ఆగాయి. ఈ గడప దాటితే ఆ గడప తొక్కనిస్తుందో లేదో. లోపల దయావతి పీట వాల్చి, అతని వైపు చూడకుండా నిలబడింది.

అతను చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.